ఆ ఎం.ఎఫ్. ఫైలు తీసేయండి సార్, ఎక్కిపోతుంది

వర్చువల్ మెషీన్లతో, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలోని కంప్యూటర్లతో, పనిచేసేవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. ఎక్కడినుంచో వచ్చిన ఒక ఇమేజ్‌ను, అంటే అలాంటి మెషీన్ డిస్కు ప్రతిని, మన సర్వర్లలోకి ఎక్కించబోతే, దానితోపాటు వచ్చిన మానిఫెస్ట్ అనే ఎం.ఎఫ్. ఫైలులోని హ్యాష్ విలువకూ (ఫైలు బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య), ఫైలు నుంచి అప్పుడే లెక్కగట్టిన విలువకూ పొంతన కుదరలేదని ఎర్రర్ వస్తుంది. మెయింటెనెన్స్ విండో అప్పటికే సగం గడిచిపోయి ఉంటుంది. పక్క సీటులోంచో, ఫోనులో అవతలి వైపు నుంచో ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. చిత్రమేమిటంటే సలహా పనిచేస్తుంది. మానిఫెస్ట్ లేకపోతే సాధనం పోల్చి చూడడమే మానేస్తుంది, ఇంపోర్టు నిశ్శబ్దంగా పూర్తవుతుంది. ఈ సలహాను నేను విన్నాను, పాటించాను, కొన్నాళ్లపాటు నాకంటే చిన్నవాళ్లకు ఇచ్చాను కూడా. అది ఎందుకు తప్పో, ఏ మేరకు తప్పో ఇప్పుడు రాస్తున్నాను. పూర్తిగా తప్పని అనడం లేదు. పూర్తిగా తప్పయి ఉంటే ఇన్నేళ్లు నిలిచేది కాదు.

ముందు ఆ ఫైలు ఏమిటో చెప్పాలి. ఓ.వి.ఎఫ్. అనే ప్యాకేజీ పద్ధతిని డి.ఎం.టి.ఎఫ్. అనే ప్రమాణాల సంస్థ 2009లో విడుదల చేసింది. ఒక కంపెనీ హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మీద తయారైన మెషీన్‌ను మరో కంపెనీ హైపర్‌వైజర్ మీదికి తీసుకెళ్లడానికి ఉద్దేశించిన ఆ ప్యాకేజీలో సాధారణంగా మూడు ఫైళ్లు ఉంటాయి. ఎన్ని ప్రాసెసర్లు, ఎంత మెమరీ, ఏ రకం నెట్‌వర్క్ కార్డు కావాలో ఎక్స్.ఎం.ఎల్. రూపంలో చెప్పే ఓ.వి.ఎఫ్. ఫైలు ఒకటి. అసలు సరుకైన డిస్కు, ఎక్కువగా వి.ఎం.డి.కె. రూపంలో ఉండేది, రెండోది. ఎం.ఎఫ్. అని ముగిసే పేరు గల మానిఫెస్ట్ మూడోది. ఈ మూడింటినీ ఒకే టార్ మూటగా కడితే ఓ.వి.ఎ. అవుతుంది. మానిఫెస్ట్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే తరచూ రెండు వరుసలే కనిపిస్తాయి: హ్యాష్ పద్ధతి పేరు, కుండలీకరణాల్లో ఫైలు పేరు, సమానం గుర్తు, ఆ తర్వాత ఒక పొడవాటి సంఖ్య. ప్రమాణం తొలి రూపంలో ఆ పద్ధతి షా-1, 2.0 రూపానికి వచ్చేసరికి షా-256. టార్ మూట తన లోపలి సరుకును తాను పరీక్షించుకోదు. టార్‌లో ఉండే చెక్‌సమ్ (సరిచూసుకోవడానికి రాసిపెట్టే లెక్క, హ్యాష్ కూడా అలాంటిదే) ఒక్కో ఫైలుకు ముందుండే 512 బైట్ల శీర్షికకే వర్తిస్తుంది తప్ప, దాని వెనక వచ్చే 40 గిగాబైట్లకు కాదు. కనుక డిస్కు మొత్తం గురించి ఆ ప్యాకేజీలో సాక్ష్యం చెప్పగలిగేది మానిఫెస్ట్‌లోని ఆ ఒక్క వరుసే.

నా అనుభవం కొన్నేళ్ల కిందటిది. అప్పుడు నేను పనిచేసే చోట ఒక అప్లయన్స్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా తయారుగా వచ్చే వర్చువల్ మెషీన్‌ను, కొత్త వెర్షన్‌కు మార్చాల్సి వచ్చింది. అమ్మినవాళ్లు దాన్ని ఓ.వి.ఎఫ్. ఫోల్డరుగా ఇచ్చారు. మా హోస్టులు పాతవి కావడంతో ఆ ఓ.వి.ఎఫ్.లో రాసి ఉన్న హార్డ్‌వేర్ వెర్షన్‌ను ఒప్పుకోలేదు. ఇలాంటప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. ఫైలును ఎడిటర్‌లో తెరిచి, ఆ సంఖ్యను ఒక మెట్టు తగ్గించి, సేవ్ చేశాను. ఒక్క అంకె మారినా హ్యాష్ మొత్తం మారుతుంది కాబట్టి మానిఫెస్ట్‌తో పొంతన తప్పింది. ఫోనులో ఉన్న సపోర్టు ఇంజినీరు ఏమాత్రం తడుముకోకుండా పైన శీర్షికలో ఉన్న మాట అన్నాడు. నాకూ సబబుగానే తోచింది, ఎందుకంటే పొంతన ఎందుకు తప్పిందో నాకు తెలుసు, తప్పించింది నేనే. ఎం.ఎఫ్. ఫైలును తీసేశాను. ఇంపోర్టు సాఫీగా జరిగింది, మెషీన్ బూట్ అయింది, లాగిన్ పేజీ వచ్చింది, తెల్లవారకముందే ఇంటికి చేరాను.

దాదాపు నాలుగు నెలల తర్వాత భద్రతా స్కాన్‌లో ఆ మెషీన్ మీద ఒక పాత లైబ్రరీ బయటపడింది. కొత్త వెర్షన్‌లో సరిచేశామని అమ్మినవాళ్లు తమ విడుదల పత్రంలో రాసిన లోపమే అది. మేము వేసింది కొత్త వెర్షనేనని నేను గట్టిగా వాదించాను. ఓ.వి.ఎఫ్.లోని ఉత్పత్తి వివరాల్లో కొత్త సంఖ్యే ఉంది, అక్కడినుంచి ఎక్కిన మా ఇన్వెంటరీలోనూ అదే ఉంది. ఆ ఉత్పత్తి లాగిన్ పేజీలో వెర్షన్ చూపదు, లోపలికి వెళ్లి చూడాలని ఎవరికీ తోచలేదు. రెండు రోజుల వాదన తర్వాత, షేర్డ్ డ్రైవ్‌లో మిగిలి ఉన్న మూల ఫోల్డరును తెరిచి, డిస్కు ఫైలుకు హ్యాష్ లెక్కగట్టి, అక్కడ ఇంకా భద్రంగా ఉన్న మానిఫెస్ట్‌తో పోల్చాను. ఓ.వి.ఎఫ్. వరుస సరిపోయింది, డిస్కు వరుస సరిపోలేదు. అనుమానం వచ్చి అంతకుముందు వెర్షన్ ఫోల్డరు కూడా తెరిచి చూస్తే, అందులోని డిస్కుకూ దీనికీ ఒకటే పేరు, ఒకటే హ్యాష్. డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడు పాత డిస్కు కొత్త ఫోల్డరులోకి వచ్చి చేరింది. రెండు వెర్షన్లలోనూ డిస్కు ఫైలుకు ఒకే పేరు పెట్టడం అమ్మినవాళ్ల అలవాటు. చూసుకోకుండా కాపీ చేయడం మా అలవాటు.

ఈ కథలో హ్యాకర్ లేడు, చెడిపోయిన హార్డ్ డిస్కు లేదు, నెట్‌వర్క్ లోపం లేదు. అందుకే దీన్ని ఇంత వివరంగా చెబుతున్నాను. చెక్‌సమ్ అనగానే మన మనసు దాడుల వైపు పోతుంది, దాడి జరిగే అవకాశం తక్కువ కదా అని సర్దిచెప్పుకుంటుంది. కానీ ఆఫీసుల్లో ఎక్కువగా జరిగేది తారుమారు: ఒకటే పేరు గల రెండు ఫైళ్లు, సగంలో ఆగిన కాపీ, ‘ఫైనల్’ అని పేరు పెట్టిన ఫోల్డరు పక్కనే ‘ఫైనల్2’ అని మరొకటి. ఆ రాత్రి నేను తుడిచేసిన ఎర్రర్‌లో నిజానికి రెండు తేడాలు ఉన్నాయి. ఒకటి నేను చేతులారా తెచ్చింది, రెండోది నాకు తెలియనిది. సాధనం మొదటి తేడా దగ్గరే ఆగిపోయి దాన్నే చూపింది. కారణం నాకు ముందే తెలుసన్న ధీమాతో నేను రెండోదాన్ని అడిగే అవకాశమే లేకుండా చేసుకున్నాను.

చేయాల్సింది చాలా చిన్న పని. ఓ.వి.ఎఫ్. ఫైలును నేను మార్చాను కాబట్టి, మానిఫెస్ట్‌లో దానికి సంబంధించిన వరుసను మాత్రం కొత్త హ్యాష్‌తో దిద్ది, డిస్కు వరుసను ముట్టుకోకుండా వదిలేయాలి. అప్పుడు సాధనం నా మార్పును ఒప్పుకుని, డిస్కును మాత్రం అమ్మినవాళ్ల లెక్కతోనే పోల్చేది. 12 కిలోబైట్ల ఫైలులో మార్పు చేసినందుకు 40 గిగాబైట్ల ఫైలు మీది సాక్ష్యాన్ని పారేయడం ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకోవడమే. దిద్దడానికి పట్టే సమయం రెండు నిమిషాలు. ఈ ప్యాకేజీలను ఎక్కించే ఓ.వి.ఎఫ్.టూల్ అనే సాధనంలో మానిఫెస్ట్ పరీక్షను దాటవేయడానికి ఒక ఐచ్ఛికం ఉంది, దాన్ని వాడినా ఫలితం ఫైలు తీసేయడంతో సమానమే. కాకపోతే కమాండ్ చరిత్రలో ఆ ఐచ్ఛికం రాతపూర్వకంగా మిగిలి ఉంటుంది, తీసేసిన ఫైలు అలా మిగలదు.

ఈ అలవాటు ఎలా పుట్టిందో కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. పొంతన తప్పడానికి ఏ హానీ లేని కారణాలు నిజంగానే ఉన్నాయి. చేత్తో చేసిన దిద్దుబాటు ఒకటి, అది పైన చెప్పాను. రెండోది పద్ధతుల మధ్య కాలభేదం. కొత్త సాధనాలు మానిఫెస్ట్‌ను షా-256తో రాయడం మొదలుపెట్టాక, షా-1 తప్ప మరొకటి తెలియని పాత విండోస్ క్లయింట్లు (సర్వర్లను నిర్వహించే ప్రోగ్రాములు) ఆ ప్యాకేజీలే చెల్లవన్నాయి. ఫైలు బాగానే ఉంది, చదివేవాడికే లిపి రాదు. అప్పట్లో సరైన మార్గం ఓ.వి.ఎఫ్.టూల్‌తోనే ప్యాకేజీని షా-1 మానిఫెస్ట్‌తో తిరిగి రాసుకోవడం. ఎక్కువమంది ఎంచుకున్న మార్గం ఏదో వేరే చెప్పనక్కర లేదు. సాధనాలు ఇచ్చే సందేశాలు కూడా ఈ రెండు పరిస్థితులనూ విడదీసి చెప్పేవి కావు. ‘నాకు అర్థం కాలేదు’ అన్న మాటా, ‘ఇది అది కాదు’ అన్న మాటా ఒకే ఎర్ర గుర్తుతో కనిపిస్తే, మనిషి మొదటిదానికి నేర్చుకున్న చిట్కానే రెండోదానికీ వాడతాడు. అబద్ధపు హెచ్చరికలు పదిసార్లు వచ్చిన చోట పదకొండోసారి నిజమైన హెచ్చరికకు విలువ ఉండదు, ఆ తప్పులో సాధనాలు తయారుచేసినవాళ్లకూ వాటా ఉంది.

నాకు తరచూ ఎదురయ్యే వాదన మరొకటి ఉంది: “బూట్ అయింది కదా, ఇంకేం కావాలి?” ఈ మాటను చాలా తెలివైనవాళ్ల నోట కూడా విన్నాను. ఒక మెషీన్ బూట్ కావడానికి డిస్కులో చదవాల్సిన భాగం చాలా తక్కువ. బూట్‌లోడర్, కెర్నెల్, కొన్ని సర్వీసులు, వాటి లైబ్రరీలు బాగుంటే లాగిన్ తెర వస్తుంది. మిగిలిన డిస్కులో ఏముందో మెషీన్‌కు ఆ క్షణంలో అవసరం లేదు. నెలాఖరులో మాత్రమే నడిచే నివేదిక, ఏడాదికోసారి అవసరమయ్యే పునరుద్ధరణ స్క్రిప్టు, ఎవరూ తెరవని భాషా ఫైళ్లు అన్నీ ఆ చదవని భాగంలోనే ఉంటాయి. లైనక్స్ హైపర్‌వైజర్ అయిన కె.వి.ఎం. మీద విరివిగా వాడే క్యూకౌ2 అనే డిస్కు రూపంలో డేటాకు చెక్‌సమ్ అనేదే లేదు. క్యూఎము-ఇమేజ్ సాధనంతో చేసే ‘చెక్’ పరీక్ష పేరు చూసి చాలామంది మోసపోతారు. అది చూసేది ఇమేజ్ లోపలి పట్టికలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అనేదే తప్ప, ఆ పట్టికలు చూపే చోట ఉన్న డేటా సరైనదా అని కాదు. డిస్కును ఉన్నదున్నట్టు రాసే ‘రా’ రూపంలో అయితే పట్టికలు కూడా ఉండవు. పైగా ఆ ఇమేజ్ టెంప్లేట్ అయితే, దాని నుంచి పుట్టిన 30 మెషీన్లలోనూ అదే మచ్చ ఉంటుంది. నా పాత డిస్కు కథలో మెషీన్ బూట్ కావడమే కాదు, నాలుగు నెలలు ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేసింది.

కొందరు హెచ్.టి.టి.పి.ఎస్. ద్వారా దింపుకున్నాం కాబట్టి భయం లేదంటారు. ఇందులో సగం నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో డేటాను ప్యాకెట్లుగా చేరవేసే టి.సి.పి.లోని చెక్‌సమ్ 16 బిట్లదే. జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, కింది స్థాయిలో సి.ఆర్.సి. అనే మరో చెక్‌సమ్ రక్షణ ఉన్న నెట్‌వర్కుల మీద కూడా 1,100 ప్యాకెట్లకు ఒకటి నుంచి 32,000 ప్యాకెట్లకు ఒకటి వరకు టి.సి.పి. చెక్‌సమ్ దగ్గర విఫలమవుతున్నాయని చూపించారు. అంటే తీగ మీద కాకుండా రూటర్లలో, హోస్టుల మెమరీలో, డ్రైవర్లలో డేటా చెడుతోందన్నమాట. హెచ్.టి.టి.పి.ఎస్. వెనకున్న టి.ఎల్.ఎస్. ఆ లోటును గట్టిగా పూడ్చింది, దారిలో ఒక్క బిట్ మారినా కనెక్షన్ తెగిపోతుంది. కానీ టి.ఎల్.ఎస్. హామీ ఇచ్చేది ఆ సర్వర్ నుంచి మీ బ్రౌజర్ దాకా ఉన్న దారికే. సర్వర్ మీదికి ఆ ఫైలు ఎలా వచ్చిందో దానికి తెలియదు. మీ ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి, అక్కడినుంచి డేటా సెంటర్‌లోని జంప్ సర్వర్‌కు, అక్కడినుంచి స్టోరేజ్‌కు జరిగే ప్రయాణం దాని పరిధిలో లేదు. ఇంటర్నెట్ లేని నెట్‌వర్కుల్లోకి ఇమేజ్‌లు చేతులు మారుతూ వెళ్లే చోట, ప్రయాణంలో టి.ఎల్.ఎస్. కాపు కాసేది మొదటి మజిలీ వరకే.

ఇక్కడితో ఆగితే నా వాదన సగమే. హ్యాష్ సరిపోయిందంటే ఏ సంఖ్యతో సరిపోయింది, ఆ సంఖ్య ఎక్కడినుంచి వచ్చింది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. గ్యాస్ సిలిండరు ఖాళీ బరువు సిలిండరు మీదే ముద్రించి ఉంటుంది. దాన్ని నమ్మి తూకం వేస్తే 14.2 కిలోల గ్యాస్ ఉందో లేదో తెలుస్తుంది, కానీ ఆ ముద్రనే ఎవరైనా చెరిపి దిద్ది ఉంటే తూకం వేసి లాభం లేదు. ఓ.వి.ఎ. మూటలోనే ఉండే మానిఫెస్ట్ అలాంటిది. అది కాపీలో జరిగే పొరపాట్లను పట్టుకుంటుంది, నా తారుమారును పట్టుకునేది. కావాలని డిస్కును మార్చే మనిషి మాత్రం మానిఫెస్ట్‌ను కూడా తిరగరాసి మూట కడతాడు, అతనికి అది నిమిషాల పని. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు 17.3 సినమన్ ఐ.ఎస్.ఓ. (ఇన్‌స్టాలేషన్ డిస్కు ఇమేజ్) లింకులను మార్చి, వెనక తలుపు పెట్టిన మరో ఐ.ఎస్.ఓ. వైపు మళ్లించారు. లింకు మార్చగలిగిన చేతికి అదే సైట్‌లో రాసి ఉన్న చెక్‌సమ్‌ను మార్చడం కష్టం కాదు. మరుసటి ఏడాది మే నెలలో వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రాజెక్టుకు చెందిన ఒక డౌన్‌లోడ్ మిర్రర్ దాడికి గురై, మ్యాక్ వెర్షన్ బదులు ట్రోజన్ పంచిపెట్టింది. అక్కడ ఫైలు ఒక సర్వర్ మీద, సంఖ్యలు మరో చోట ఉండడంతో, పోల్చి చూసుకున్నవాళ్లకు తేడా తెలిసిపోయే వీలుంది. ఫైలూ సంఖ్యా ఒకే గూట్లో ఉన్నాయా, వేర్వేరు చోట్ల ఉన్నాయా అన్నదే ఈ రెండు ఘటనల మధ్య తేడా.

ఈ చిక్కుకు జవాబు డిజిటల్ సంతకం. ఉబుంటు అనే లైనక్స్ క్లౌడ్ ఇమేజ్‌ల ఫోల్డరులో షా-256 సంఖ్యల జాబితా ఒక ఫైలుగానూ, ఆ జాబితా మీద జీపీజీ అనే సాధనంతో చేసిన సంతకం పక్కనే మరో ఫైలుగానూ ఉంటాయి. ఫెడోరా అనే మరో లైనక్స్ తన చెక్‌సమ్ జాబితాను సంతకంతో కలిపే ఇస్తుంది. ఓ.వి.ఎఫ్. ప్రమాణంలోనూ మానిఫెస్ట్ మీద సంతకానికి, సర్టిఫికెట్‌కు ఒక ప్రత్యేక ఫైలు ఉంది. సంతకం సరిచూడాలంటే ప్రచురణకర్త తాళం చెవి (ఆ సంతకం అతనిదేనని తేల్చే పబ్లిక్ కీ) మన దగ్గర ముందే ఉండాలి, అదీ ఇదే వెబ్‌సైట్ నుంచి ఇప్పుడే దింపుకున్నది కాకూడదు. ఇక్కడే చాలామంది విసుగుపడి వదిలేస్తారని నాకు తెలుసు. నా మట్టుకు నేను ఒక రాజీ పాటిస్తాను: ఒక ప్రచురణకర్త తాళం చెవిని మొదటిసారి జాగ్రత్తగా, రెండు మూడు దారుల్లో సరిచూసుకుని తెచ్చుకుని, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్నే వాడుతాను. జాగ్రత్త పడాల్సింది ఒకే రోజు కాబట్టి భరించగలను.

ఎం.డి.5, షా-1 అనే హ్యాష్ పద్ధతులు పాతబడ్డాయి కాబట్టి వాటితో పోల్చడం దండగ అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. ఎం.డి.5కు ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు సందేశాలను 2004లోనే వాంగ్ షియావోయున్ బృందం చూపించింది. షా-1కు అదే పనిని 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ., గూగుల్ పరిశోధకులు కలిసి రెండు పి.డి.ఎఫ్.లతో చేసి చూపించారు. ఈ రెండూ చూపింది, రెండు ఫైళ్లనూ దాడిచేసేవాడే తయారుచేసుకుంటే వాటికి ఒకే హ్యాష్ వచ్చేలా చేయవచ్చని. ఇంకెవరో తయారుచేసి ప్రచురించిన ఇమేజ్ హ్యాష్‌కు సరిపోయేలా మరో ఇమేజ్‌ను పుట్టించడం అంతకంటే చాలా కష్టమైన పని. కనుక సరఫరాదారు ఎం.డి.5 మాత్రమే ఇస్తే, దాడుల విషయంలో దాన్ని నమ్మను గాని, కాపీలో పొరపాట్ల కోసం తప్పక పోల్చి చూస్తాను. నా పాత డిస్కును ఎం.డి.5 అయినా పట్టుకునేది. కొత్తగా ప్రచురించేవాళ్లు మాత్రం 2026లో ఎం.డి.5 ఇవ్వడానికి సాకు లేదు.

దీనికి అవతలి కొసన ఉన్న పరిమితిని కూడా దాచకూడదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టిన, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లోని వెనక తలుపు, 5.6.0, 5.6.1 వెర్షన్ల అధికారిక విడుదలల్లోనే ఉంది. వాటిని విడుదల చేసింది ఆ ప్రాజెక్టులో నిర్వహణ బాధ్యత సంపాదించుకున్న మనిషే. హ్యాష్ సరిపోతుంది, సంతకం సరిపోతుంది, సరుకు మాత్రం విషం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, చెక్‌సమ్ సంగతి చెప్పేదేముంది. ఫ్రాయిండ్ పట్టుకున్నది దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్.ఎస్.హెచ్. లాగిన్‌లు అర సెకను ఆలస్యమవుతున్నాయని గమనించి. చెక్‌సమ్ చెప్పేది ‘ఇది అదే’ అన్న ఒక్క మాట. ‘అది మంచిది’ అని అది ఎప్పుడూ అనలేదు. ఈ ఉదాహరణను చూపి చెక్‌సమ్‌లు వృథా అని వాదించేవాళ్లకు నా ప్రశ్న ఒకటే. విషం ఉన్న వెర్షన్ ఏదో ప్రపంచానికి తెలిసిన రోజున, మీ దగ్గర నడుస్తున్నది ఆ వెర్షనా కాదా అని దేన్ని బట్టి చెబుతారు? నాలుగు నెలలపాటు నా ఇన్వెంటరీ చూపిన వెర్షన్ అబద్ధమని గుర్తుంచుకోండి.

సమయం గురించి ఒక మాట. పోల్చాల్సింది ఇంపోర్టుకు ముందు, ఎందుకంటే ఇంపోర్టు తర్వాత ఆ ఫైలు ఇక ఉండదు. వి.ఎం.డి.కె.ను క్యూకౌ2గా మార్చాక, లేదా స్టోరేజ్ తన పద్ధతిలో పరిచాక, లోపలి డేటా అదే అయినా బైట్ల వరుస వేరు, కాబట్టి హ్యాష్ వేరు. ఒకసారి బూట్ చేస్తే డేటా కూడా మారిపోతుంది, లాగ్ ఫైలులో ఒక వరుస చేరినా చాలు. ప్రచురణకర్త సంఖ్యతో పోల్చగలిగే అవకాశం ఆ ఒక్క గడియలోనే ఉంటుంది. వేదికలు చూపించే హ్యాష్‌ల గురించి కూడా అపోహలున్నాయి. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్‌లను దాచే గ్లాన్స్ ప్రతి ఇమేజ్‌కు హ్యాష్ నమోదు చేస్తుంది, మొదట ఎం.డి.5 మాత్రమే ఉండేది, 2018 నాటి రాకీ విడుదల నుంచి షా-512 కూడా చేరింది. ఆ సంఖ్య గ్లాన్స్ చేతికి అందిన ఫైలుది. చెడిన ఫైలు అందిస్తే, చెడిన ఫైలు హ్యాష్‌నే ఎంతో నమ్మకంగా నమోదు చేసి, ఇక ఎప్పటికీ దాన్నే కాపాడుతుంది. అమెజాన్ ఎస్3 స్టోరేజ్‌లో ఫైలు పక్కన కనిపించే ఈట్యాగ్ అనే సంఖ్యను ఎం.డి.5 అనుకుని పోల్చి బెంబేలెత్తినవాళ్లను చూశాను. పెద్ద ఫైలును ముక్కలుగా ఎక్కించినప్పుడు అది ముక్కల హ్యాష్‌ల మీద కట్టిన హ్యాష్, చివర అడ్డగీత తర్వాత ముక్కల సంఖ్య ఉంటుంది. ఫైలు ఎం.డి.5తో అది సరిపోదు, సరిపోవాల్సిన పనీ లేదు.

పోల్చే పని మనిషికి అప్పగించకూడదని నా పట్టుదల. 64 అక్షరాల సంఖ్యను కంటితో పోల్చే మనిషి మొదటి నాలుగూ చివరి నాలుగూ చూస్తాడు, నేనూ అంతే. లైనక్స్‌లో చెక్‌సమ్ కమాండ్లకు జాబితా ఫైలును అందిస్తే అవే పోల్చి ‘ఓకే’ అనో ‘ఫెయిల్డ్’ అనో చెబుతాయి, స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా రాసుకోవచ్చు. సాధనాలు ఈ విషయంలో ఎలా ప్రవర్తిస్తాయన్నది వాటి రూపకర్తల స్వభావాన్ని పట్టిస్తుంది. ఇమేజ్‌లు తయారుచేసే ప్యాకర్‌లో ఐ.ఎస్.ఓ. చెక్‌సమ్ గడి తప్పనిసరి. వద్దనుకుంటే ‘నన్’ అని మీ చేత్తో టైపు చేయాలి, అది కోడ్ రివ్యూలో అందరికీ కనిపిస్తుంది. వర్చువల్ మెషీన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో యు.ఆర్.ఎల్. నుంచి దింపే తెరలో హ్యాష్ సరిచూసే సౌకర్యం ఉంది గాని, ఆ గడిలో ముందే ఎంచి ఉండేది ‘నన్’. ఒకచోట బద్ధకానికి శ్రమ పెట్టారు, మరోచోట శ్రద్ధకు శ్రమ పెట్టారు. నాకు మొదటిదే నచ్చుతుంది. ఇక కాలయాపన అన్న సాకు లెక్కకు నిలవదు. సెకనుకు 400 మెగాబైట్లు చదివే మామూలు ఎస్.ఎస్.డి. మీద 40 గిగాబైట్ల ఫైలుకు షా-256 లెక్కగట్టడానికి 100 సెకన్లు పడుతుంది. అదే ఫైలును గిగాబిట్ నెట్‌వర్క్ మీద కాపీ చేయడానికి ఆరు నిమిషాల చిల్లర ఎలాగూ వేచి ఉన్నాం.

పొంతన తప్పినప్పుడు నేను ఇప్పుడు చేసే పని ఇది. ఫైలును తీసేయను, మళ్లీ దింపి దాని మీద రాయను. పక్కన పెట్టి, ముందు పరిమాణం చూస్తాను, సగంలో తెగిన కాపీలు అక్కడే దొరుకుతాయి. తర్వాత జాబితా తేదీ చూస్తాను. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లలో ‘కరెంట్’ అనే ఫోల్డరు ఎప్పటికప్పుడు కొత్త బిల్డ్‌కు మారుతూ ఉంటుంది, నిన్నటి ఫైలును ఈరోజు జాబితాతో పోలిస్తే తప్పక తేడా వస్తుంది, తేదీ పేరుతో ఉన్న ఫోల్డరు నుంచి రెండూ తీసుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత రెండో ప్రతిని మరో దారిలో దింపి రెండు ప్రతులనూ ఒకదానితో ఒకటి పోలుస్తాను. రెండూ ఒకటే అయి, సంఖ్యతో మాత్రం సరిపోకపోతే అప్పుడు ఫోను ఎత్తుతాను. ఒకసారి అలా ఫోను చేస్తే, విడుదలైన రెండు రోజులకు అదే పేరుతో ఇమేజ్‌ను మార్చామని, సంఖ్య మార్చడం మరిచామని అవతలివాళ్లు తాపీగా చెప్పారు.

మా టీమ్‌లో ఇప్పుడు ప్రతి ఇమేజ్ ఇంపోర్టుకు ఒక ఫారం ఉంది. ఫైలు పేరు, పరిమాణం, షా-256, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అనే గడులు మొదటినుంచీ ఉన్నాయి. కిందటేడాది నేను ఇంకో గడి చేర్చించాను: ‘పోల్చిన సంఖ్య ఎక్కడినుంచి తెచ్చారు?’ మొదటి నెల ఫారాలు తిరగేస్తే, సగానికి పైగా ఆ గడిలో ఒకటే జవాబు ఉంది. ‘ఫైలుతోపాటే వచ్చింది.’